డ్రాయింగ్‌లో తప్పుంటే నష్టం ఎవరి నెత్తిన?

స్లాబ్ కుంగిందనో, బేస్‌మెంట్ గోడ పగిలిందనో, దూలంలో నెర్రె పెరుగుతోందనో తెలియగానే అందరూ ముందు తెరిచేది డ్రాయింగే. లెక్కలు తిరగేస్తారు, సాఫ్ట్‌వేర్ మోడల్ మళ్లీ నడిపిస్తారు, కడ్డీలు లెక్కపెడతారు. ఎక్కడో తప్పు కనబడితే "ఇంకేముంది, డిజైనర్‌దే బాధ్యత" అని తేల్చేస్తారు. కోర్టులో గానీ ఆర్బిట్రేషన్‌లో గానీ వ్యవహారం అంత తేలిగ్గా తెమలదు. సాంకేతిక ప్రమాణంలో ఉన్న సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడినా కోట్ల నష్టం కట్టాల్సి వచ్చినవాళ్లున్నారు. డిజైన్‌లో లోపం ఉందని ఒప్పుకున్నాక కూడా బాధ్యత తగలకుండా బయటపడ్డవాళ్లూ ఉన్నారు.

తీర్పు చెప్పేవాళ్లు అడిగేవి వేరే ప్రశ్నలు. ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాల్సింది? తీసుకున్నవాళ్లు ఏ స్థాయి పూచీ ఇచ్చారు? తప్పును పట్టుకునే అవకాశం ఆ తర్వాత ఎవరెవరి చేతికి వచ్చింది? జవాబులు లెక్కల కాగితంలో కొన్నే దొరుకుతాయి. మిగతావన్నీ ఒప్పందంలో, మీటింగ్ మినిట్స్‌లో, ఆర్‌ఎఫ్‌ఐలలో (సందేహం తీర్చమని రాతలో అడిగే పత్రాల్లో), రివిజన్ నంబర్లలో ఉంటాయి. అందుకే లోపం బయటపడగానే డ్రాయింగ్‌తో పాటు ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

శ్రద్ధకు పూచీ వేరు, ఫలితానికి పూచీ వేరు

డిజైన్ చేసేవాళ్లు ఇచ్చే పూచీ ప్రధానంగా రెండు రకాలు. సమర్థుడైన తోటి ఇంజినీర్ అదే పరిస్థితిలో చూపే నైపుణ్యం, శ్రద్ధ నేనూ చూపుతాను అనేది మొదటి రకం. డాక్టర్లనూ వకీళ్లనూ కొలిచే కొలబద్దే ఇది. ఇంగ్లండ్‌లో 1957 నాటి బోలం కేసు నిజానికి ఆస్పత్రి చికిత్సకు సంబంధించింది. అందులో చెప్పిన సూత్రం క్రమంగా వృత్తి నిపుణులందరికీ పాకింది. ఈ పూచీ కింద నష్టపరిహారం కావాలంటే కట్టడం పాడైందని చూపిస్తే చాలదు. బాధ్యత గల ఇంజినీర్ ఎవరూ ఆ పని అలా చేసి ఉండరని మరో ఇంజినీర్ వచ్చి సాక్ష్యం చెప్పాలి.

కట్టేది ఏ పనికి ఉద్దేశించారో ఆ పనికి పనికొచ్చి తీరుతుంది అనేది రెండో రకం. ఇక్కడ ఎంత జాగ్రత్తగా లెక్కలు వేశారన్న చర్చే రాదు. ఫలితం రాలేదంటే మాట తప్పినట్టే.

కన్సల్టెంట్ ఒప్పందాల్లో మామూలుగా మొదటి పూచీ ఉంటుంది. డిజైన్ చేసి కట్టిచ్చే కాంట్రాక్టర్ ఒప్పందాల్లో రెండోది ఉంటుంది. కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ ప్రచురించే నమూనా ఒప్పందాల్లో, డిజైన్ చేసి కట్టిచ్చే పనులకు వాడే 1999 ఎల్లో బుక్‌లో క్లాజు 4.1 ప్రకారం పని పూర్తయ్యాక దాని ప్రయోజనానికి సరిపడాలి. రెడ్ బుక్‌లో డిజైన్ యజమాని తరఫున వస్తుంది. అయినా ఏదైనా భాగాన్ని కాంట్రాక్టరే డిజైన్ చేస్తే ఆ భాగం వరకూ అదే పూచీ అతనికి వర్తిస్తుంది. చాలామంది కాంట్రాక్టర్లు ఇది చూసుకోరు. "మాది ఐటమ్ రేట్ కాంట్రాక్టు, డిజైన్‌తో మాకేం పని" అనుకుంటూనే పైల్స్‌కో, ఉక్కు జాయింట్లకో, ముఖభాగం గాజు పనికో డిజైన్ తామే ఇచ్చేస్తారు.

కన్సల్టెంట్ మీదకు కూడా రెండో పూచీ చెప్పాపెట్టకుండా వచ్చి పడవచ్చు. ఇంగ్లండ్‌లో 1975లో తేలిన గ్రీవ్స్ కేసులో గోడౌన్ మొదటి అంతస్తు మీద నూనె డ్రమ్ములు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బళ్లు తిరుగుతాయని స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ముందే చెప్పారు. నేల బరువు మోసింది గానీ బళ్ల కదలికకు వచ్చే కంపనాన్ని తట్టుకోలేక పగిలింది. ఒప్పందంలో అలాంటి పూచీ ఎక్కడా రాసి లేకపోయినా, ఇద్దరి ఉద్దేశమూ ఒకటే కాబట్టి ఆ నేల ఫోర్క్‌లిఫ్ట్‌లకు పనికొచ్చేలా ఉండాలనే షరతు ఉన్నట్టే అని అప్పీలు కోర్టు చెప్పింది. క్లయింట్ మీటింగ్‌లో "ఈ అంతస్తులో ఫలానా యంత్రం పెడతాం" అన్న ఒక్క వాక్యం మినిట్స్‌లోకి ఎక్కితే దాని బరువు ఇంత.

ప్రమాణంలోనే తప్పుంటే

రాబిన్ రిగ్ వ్యవహారం ఈ రెండు పూచీల తేడాను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. స్కాట్లాండ్, ఇంగ్లండ్ మధ్య సోల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో 60 టర్బైన్ల పవన విద్యుత్ కేంద్రం అది. ఒక్కో టర్బైన్ కింద సముద్రగర్భంలోకి దిగ్గొట్టిన లావుపాటి ఉక్కు గొట్టం, దాని తల మీద తొడిగిన మరో ఉక్కు గొట్టం. రెండింటి మధ్య సందులో నింపిన గ్రౌట్ (సిమెంటు మిశ్రమం) పట్టు మీదే పైభాగమంతా నిలబడాలి.

జాయింట్ బలాన్ని డీఎన్‌వీ సంస్థ ప్రచురించిన జే101 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లెక్కించారు. ఆ ప్రమాణంలోని ఒక సూత్రంలో ఒక విలువ తప్పుగా పడింది. దానివల్ల జాయింట్ బలం అసలు ఉన్నదానికి దాదాపు పది రెట్లు ఎక్కువగా వచ్చింది. డిజైనర్లు సూత్రాన్ని సరిగ్గానే వాడారు. తనిఖీ చేసినవాళ్లకూ ఏమీ తేడా కనబడలేదు. 2010లో గొట్టాలు జారడం మొదలైంది. బాగుచేసేందుకు అయిన ఖర్చు 2.625 కోట్ల యూరోలు.

ఒప్పందంలో శ్రద్ధ చూపాలన్న క్లాజు ఉంది, జే101 పాటించాలన్న క్లాజు ఉంది. సాంకేతిక అవసరాల పత్రంలో ఎక్కడో లోపల, పునాదులు 20 ఏళ్లు మన్నేలా డిజైన్ చేయాలన్న వాక్యం కూడా ఉంది. కింది కోర్టు కాంట్రాక్టర్‌దే బాధ్యత అంది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు: అంత పెద్ద పూచీని ఒక సాంకేతిక పత్రంలో ఒక మూల రాసిన వాక్యం మోయలేదంది. 2017లో బ్రిటన్ సుప్రీం కోర్టు మళ్లీ మొదటి తీర్పునే నిలబెట్టింది. ఒకే అంశానికి రెండు ప్రమాణాలు పెట్టినప్పుడు కఠినమైనదే చెల్లుతుంది, తేలికైనదాన్ని కనీస అవసరంగా చూడాలి అని దాని సారాంశం.

దీన్నుంచి కాంట్రాక్టర్ నేర్చుకోవాల్సింది చాలా నిర్దిష్టమైనది. టెండర్ సమయంలో లీగల్ విభాగం జనరల్ కండిషన్స్ చదువుతుంది, సాంకేతిక పత్రాలు ఇంజినీర్లకు వెళ్తాయి. ఇంజినీర్లు కొలతలు, గ్రేడ్లు చూస్తారు. "ఇన్నేళ్లు మన్నాలి", "ఎలాంటి లీకేజీ ఉండకూడదు", "అన్ని పరిస్థితుల్లోనూ పనిచేయాలి" లాంటి వాక్యాలు ఇద్దరి కళ్ల నుంచీ జారిపోతాయి. సాంకేతిక పత్రాన్ని ఈ వాక్యాల కోసమే ఒకసారి ప్రత్యేకంగా చదవాలి. తీసేయించలేకపోతే కనీసం పత్రాల ప్రాధాన్య క్రమంలో జనరల్ కండిషన్స్‌ను పైన ఉంచి, డిజైన్ బాధ్యత మొత్తం శ్రద్ధ పూచీకే పరిమితమని స్పష్టంగా రాయించాలి.

డ్రాయింగ్ యజమానే ఇస్తే

ఇక్కడ అమెరికా సుప్రీం కోర్టు 1918లో ఇచ్చిన స్పియరిన్ తీర్పును నూరేళ్లు దాటాక కూడా ఉదహరిస్తూనే ఉన్నారు. బ్రూక్లిన్ నౌకాదళ యార్డులో డ్రై డాక్ (ఓడల మరమ్మతుకు నీరు తోడేసే రేవు) కట్టేందుకు ఒక కాంట్రాక్టర్ ఒప్పుకున్నాడు. అడ్డొస్తున్న 6 అడుగుల మురుగు కాలువను ప్రభుత్వం ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారమే మళ్లించాడు. పక్కనే ఉన్న 7 అడుగుల కాలువలో ఒక అడ్డుగోడ ఉంది, అది ఏ డ్రాయింగ్‌లోనూ లేదు. భారీ వాన, సముద్రపు పోటు ఒకేసారి వచ్చేసరికి నీరు వెనక్కి తన్ని కొత్త కాలువ పగిలింది, డాక్ మునిగింది. స్థలం చూసుకోవాలి, ప్లాన్లు సరిచూసుకోవాలి అని ఒప్పందంలో ఉన్నా సరే, డ్రాయింగ్ ఇచ్చినవాళ్లు అది పనికొస్తుందని పూచీ ఇచ్చినట్టే అని కోర్టు తేల్చింది.

అలాగని కాంట్రాక్టర్ కళ్లు మూసుకుని కట్టేయొచ్చని అర్థం కాదు. అనుభవమున్న కాంట్రాక్టర్‌కు చూడగానే తెలిసే తప్పును చెప్పకుండా కడితే ఆ రక్షణ బలహీనపడుతుంది. ఒక్క వైపే ఆధారమున్న కాంటిలీవర్ బాల్కనీకి, పైన ఉండాల్సిన ప్రధాన కడ్డీలు అడుగున చూపించిన డ్రాయింగ్ వచ్చిందనుకోండి. దాన్ని అలాగే కట్టి "డ్రాయింగ్ ప్రకారమే చేశాం" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆర్‌ఎఫ్‌ఐ పెట్టాలి, జవాబు వచ్చేదాకా ఆ భాగం ఆపాలి. జవాబు "అలాగే కట్టండి" అని వస్తే అభ్యంతరం రాతలో నమోదు చేయాలి. ప్రాణాపాయం కనిపిస్తుంటే రాతతో సరిపెట్టడం కూడా తప్పే.

డిజైన్ నుంచి నిర్మాణం దాకా అంతా కాంట్రాక్టర్‌కే అప్పగించే ఈపీసీ, టర్న్‌కీ ఒప్పందాల్లో లెక్క తలకిందులవుతుంది. ఫిడిక్ 1999 సిల్వర్ బుక్‌లో యజమాని ఇచ్చిన అవసరాల పత్రంలో తప్పులున్నా, కొన్ని మినహాయింపులు తప్ప, వాటి భారం కాంట్రాక్టర్‌దే. యజమాని ఇచ్చిన మట్టి పరీక్ష నివేదికలో తప్పుందని తర్వాత తేలితే "మీ నివేదికే కదా" అనే వాదన అక్కడ నిలవడం కష్టం. అలాంటి ఒప్పందంలో టెండర్ దశలోనే సొంతంగా మట్టి పరీక్ష బోర్ వేయించుకోవడం తప్పనిసరి ఖర్చు కింద లెక్కేసుకోవాలి.

నట్టు మీద రెట్టింపు బరువు

1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. డిజైన్ బాధ్యత గురించి రాసేవాళ్లు దీని దగ్గరికే మళ్లీ మళ్లీ రావడానికి కారణం, తప్పు జరిగిన చోటు ఎవరి పరిధిలోనూ స్పష్టంగా లేకపోవడం.

రెండో అంతస్తు వంతెన సరిగ్గా నాలుగో అంతస్తు వంతెన కింద వేలాడుతుంది. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ దిగి, నాలుగో అంతస్తు దూలం గుండా వెళ్లి, రెండో అంతస్తు దాకా వస్తుంది. ఒక్కో దూలం కింద ఒక నట్టు. నాలుగో అంతస్తు నట్టు మోసేది నాలుగో అంతస్తు వంతెననే, కింది వంతెన బరువు కడ్డీ గుండా నేరుగా పైకప్పుకు పోతుంది. అలా చేయాలంటే అంత పొడవు కడ్డీకి మరలు కోయాలి. అది కష్టమని షాప్ డ్రాయింగుల (తయారీ కోసం ఫాబ్రికేటర్ గీసే వివరమైన డ్రాయింగుల) దశలో ఒక్క కడ్డీ కాస్తా రెండైంది. పై కడ్డీ నాలుగో అంతస్తు దూలం దగ్గర ఆగిపోతుంది. దాని పక్కనే మరో రంధ్రంలోంచి రెండో కడ్డీ మొదలై కింది వంతెనను మోస్తుంది. ఇప్పుడు కింది వంతెన వేలాడేది నాలుగో అంతస్తు దూలానికి, కాబట్టి ఆ దూలం కింది నట్టు మీద రెండు వంతెనల బరువు పడింది. దూలం రెండు చానెళ్లను ఎదురెదురుగా పెట్టి వెల్డ్ చేసిన పెట్టె. కడ్డీ రంధ్రం సరిగ్గా ఆ వెల్డ్ మీద పడింది. బరువుకు చానెల్ అంచులు విచ్చుకుని, నట్టుతో సహా కడ్డీ దూలంలోంచి ఊడొచ్చింది.

దర్యాప్తు చేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ చెప్పిన ఇంకో సంగతి ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు. మార్పు జరగకముందు డిజైన్ కూడా నగర భవన నిబంధనలు కోరిన బలంలో 60 శాతమే ఉండేది. అంటే ఆ జాయింట్‌కు ఎవరూ సరైన లెక్క వేయలేదు. ఉక్కు భాగాలు తయారుచేసే ఫాబ్రికేటర్ వేస్తాడని ఇంజినీర్లు అనుకున్నారు, ఇంజినీర్ల డ్రాయింగ్‌లో ఉన్నది తుది డిజైనే అని ఫాబ్రికేటర్ అనుకున్నాడు. మార్పు గురించి ఫోన్‌లో అడిగి ఒప్పించుకున్నామని ఫాబ్రికేటర్, అలాంటి ఫోనే రాలేదని ఇంజినీర్లు చెప్పారు. షాప్ డ్రాయింగ్ మీద మాత్రం ఇంజినీరింగ్ సంస్థ పరిశీలన ముద్ర ఉంది.

క్రిమినల్ కేసులు నమోదు కాలేదు. మిస్సోరీ రాష్ట్ర లైసెన్సింగ్ వ్యవస్థ మాత్రం దీన్ని తీవ్ర నిర్లక్ష్యంగా తేల్చి ఇంజినీర్ల లైసెన్సులు రద్దు చేసింది. 1988లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. జాయింట్లు ఫాబ్రికేటర్ చూసుకోవడం పరిశ్రమలో ఆనవాయితీ అన్న వాదన అక్కడ చెల్లలేదు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ మీద ముద్ర వేసిన ఇంజినీర్ ఆ బాధ్యతను ఇంకొకరికి అప్పగించి చేతులు దులుపుకోలేడు. ఇంగ్లండ్‌లో 1966 నాటి మోరెస్క్ కేసులోనూ ఇదే తీరు: లాండ్రీ భవనం కాంక్రీటు ఫ్రేము డిజైన్‌ను ఆర్కిటెక్ట్ ఒక సబ్‌కాంట్రాక్టర్‌కు వదిలేశాడు. క్లయింట్ అనుమతి లేకుండా డిజైన్‌ను ఇతరులకు అప్పగించే హక్కు ఆర్కిటెక్ట్‌కు లేదని, లోపానికి అతనే జవాబుదారీ అని తీర్పు వచ్చింది.

ప్రీకాస్ట్, పోస్ట్ టెన్షనింగ్, ఉక్కు జాయింట్లు, గాజు ముఖభాగం లాంటివి ఇప్పుడు చాలా ప్రాజెక్టుల్లో వేరే సంస్థలే డిజైన్ చేస్తున్నాయి. అది తప్పేమీ కాదు. ఆ అప్పగింత రాతలో ఉండాలి, అంతే. ఏ భాగానికి ఎవరు డిజైనర్, ఎవరు తనిఖీదారు, ఎవరు ముద్ర వేస్తారు అని ఒక బాధ్యతల పట్టిక ఒప్పందానికి జతచేయాలి. ప్రతి జాయింట్ దగ్గర ప్రధాన ఇంజినీర్ అక్షీయ బలం, కోత బలం, మూమెంట్ (వంచే ప్రభావం) ఎంతో అంకెల్లో ఇవ్వాలి. "ఫాబ్రికేటర్ డిజైన్ చేయాలి" అని రాసి బలాలు ఇవ్వకపోతే, అవతలివాడు దేనికి డిజైన్ చేయాలి?

షాప్ డ్రాయింగ్ మీద వేసే ముద్రలో "సాధారణ డిజైన్ ఉద్దేశానికి అనుగుణంగా ఉందా లేదా మాత్రమే చూశాం" అని రాయడం మామూలే. కొలతల విషయంలో అది కొంత కాపాడుతుంది. బరువు ప్రయాణించే దారినే మార్చేసిన షాప్ డ్రాయింగ్‌ను చూసి కూడా ముద్ర వేస్తే ఆ వాక్యం ఎవర్నీ కాపాడదు. అందుకే షాప్ డ్రాయింగ్ పంపేవాళ్లు అసలు డ్రాయింగ్‌తో తేడా ఉన్న ప్రతి చోటా మేఘం గుర్తు పెట్టి, కవరింగ్ లెటర్‌లో విడిగా చెప్పాలని ఒప్పందంలోనే షరతు పెట్టాలి. చెప్పకుండా చొప్పించిన మార్పుకు ఆమోదం లేనట్టే అని కూడా రాయాలి.

స్తంభం పక్కన ఒక్క రంధ్రం

పెద్ద ప్రమాదాలు అరుదు. ఎక్కువ వివాదాలు చిన్న రంధ్రాల దగ్గరే పుడతాయి. దూలాలు లేని ఫ్లాట్ స్లాబ్ తీసుకుందాం. స్తంభం 400 × 400 మి.మీ., స్లాబ్ ఎఫెక్టివ్ డెప్త్ (కడ్డీల దాకా లెక్కించే మందం) 200 మి.మీ. స్తంభం స్లాబ్‌ను పొడుచుకుపోకుండా ఆపేది దాని చుట్టూ సగం డెప్త్ దూరంలో, అంటే 100 మి.మీ. అవతల ఉండే కీలక చుట్టుకొలత. ఇక్కడ అది 4 × 600 = 2400 మి.మీ.

ప్లంబింగ్ డ్రాయింగ్ మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. డ్రైనేజీ పైపుల కోసం స్తంభం ముఖానికి ఆనుకుని, మధ్యలో, 300 × 300 మి.మీ. రంధ్రం చూపించారు. భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్లాబ్ మందానికి పది రెట్ల లోపు దూరంలో రంధ్రం ఉంటే, స్తంభం కేంద్రం నుంచి రంధ్రం అంచులకు గీసిన గీతల మధ్య పడే చుట్టుకొలతను తీసేయాలి. గీతలు గీస్తే 450 మి.మీ. పోతుంది. మిగిలింది 1950. కోత ఒత్తిడి దాదాపు 23 శాతం పెరిగింది. పైగా రంధ్రం ఒకే వైపు ఉంది కాబట్టి బరువు పక్కకు జరిగి వచ్చే మూమెంట్ అదనం. ఈ వైఫల్యం కుంగి హెచ్చరించే రకం కూడా కాదు, ఒక్కసారిగా వస్తుంది.

బాధ్యత ఎవరిది? రంధ్రం చూపించిన ప్లంబింగ్ కన్సల్టెంట్‌కు ఆ స్లాబ్ ఎలా నిలబడుతుందో తెలియదు, కానీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడగాలని తెలుసు. డ్రాయింగులు కలిపి చూసే పని ఆర్కిటెక్ట్‌దో ప్రధాన కన్సల్టెంట్‌దో అయితే వాళ్లకూ వాటా ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్ తన జనరల్ నోట్స్‌లో "స్తంభానికి ఫలానా దూరం లోపల అనుమతి లేకుండా రంధ్రం పెట్టరాదు" అని రాసి ఉంటే చాలావరకు బయటపడతాడు. ఆ ప్లంబింగ్ డ్రాయింగ్ తన దగ్గరికి సమాచారం కోసం వచ్చినప్పుడు చూడకుండా ఫైల్ చేసి ఉంటే అంత తేలిగ్గా బయటపడలేడు. కాంక్రీటు పోశాక కోర్ కట్టర్‌తో కడ్డీలు కోసి మరీ రంధ్రం వేసిన కాంట్రాక్టర్‌కు అసలు రక్షణే తక్కువ.

చాలా దేశాల్లో ఇలాంటి చోట యజమాని వీళ్లలో ఎవరి మీదైనా మొత్తం నష్టానికి దావా వేయొచ్చు. కట్టినవాడు మిగతావాళ్ల నుంచి వాటాలు వసూలు చేసుకోవాలి. ఒకరు దివాలా తీస్తే ఆ వాటా మిగిలినవాళ్ల మీద, ఎక్కువగా బీమా ఉన్న కన్సల్టెంట్ మీద పడుతుంది. అందుకే కన్సల్టెంట్లు నెట్ కంట్రిబ్యూషన్ క్లాజు కోసం పట్టుబట్టాలి: తన తప్పు వాటాకు మించి తాను కట్టనక్కర్లేదని. ఫీజు మీద బేరమాడినంతసేపు ఈ క్లాజు మీద బేరమాడే కన్సల్టెంట్లు తక్కువ, నా దృష్టిలో అది తలకిందుల ప్రాధాన్యం.

నష్టం ఎంత అన్నదీ లెక్కే

బాధ్యత తేలాక కూడా మొత్తం ఖర్చు డిజైనర్ కట్టాలని ఏమీ లేదు. దూలం మొదటే సరైన సైజులో డిజైన్ చేసి ఉంటే అదనపు కాంక్రీటు, కడ్డీలకు యజమాని ఎలాగూ ఖర్చు పెట్టేవాడు. అది అతని ఖర్చే. ఆలస్యంగా చేయడం వల్ల పెరిగినదే డిజైనర్ ఖర్చు. మొదట్లో 5 భాగాల ఖర్చుతో అయ్యే పని, ఇప్పుడు జాకెటింగ్ (దూలం చుట్టూ అదనపు తొడుగు), ఊతాలు, పగలగొట్టడం, మళ్లీ ఫినిషింగ్ అన్నీ కలిపి 60 భాగాలైతే, న్యాయమైన దావా 55కే. డిజైనర్ తరఫున ఈ తేడాను లెక్కకట్టి చూపించేవాళ్లు లేకపోతే 60 అలాగే ఖాయమైపోతుంది.

మరమ్మతు ఖర్చు కంటే ఆదాయ నష్టం, ఆలస్య రుసుము ఎక్కువగా ఉండటం కూడా మామూలే. ఒప్పందంలో పరోక్ష నష్టాలకు మినహాయింపు, మొత్తం బాధ్యతకు ఒక పరిమితి ఉన్నాయా అన్నది ఇక్కడే తేలుతుంది. ప్రాణనష్టం, గాయాల విషయంలో ఇలాంటి పరిమితులు చాలా చోట్ల చెల్లవు. భారత్‌లో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద విడిగా క్రిమినల్ విచారణ నడుస్తుంది. ఒప్పందంలో ఏ క్లాజూ దాన్ని ఆపలేదు.

బీమా విషయంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిపరమైన పొరపాట్లకు బీమా) సాధారణంగా తప్పు జరిగిన ఏడాది ప్రకారం కాక, క్లెయిమ్ వచ్చిన ఏడాది ప్రకారం పనిచేస్తుంది. డిజైన్ చేసిన ఏడాది పాలసీ ఉండి, ఆరేళ్ల తర్వాత దావా వచ్చినప్పుడు పాలసీ లేకపోతే పైసా రాదు. రిటైరైనా, సంస్థ మూసేసినా రన్-ఆఫ్ కవర్ కొనసాగించడం అందుకే. రెండోది: ఈ పాలసీలు మామూలుగా శ్రద్ధ పూచీ తప్పినందుకే చెల్లిస్తాయి, ఫలితానికి ఇచ్చిన పూచీని మినహాయిస్తాయి. క్లయింట్ ఒత్తిడికి "ప్రయోజనానికి సరిపడేలా" అన్న మాటకు సంతకం పెట్టిన కన్సల్టెంట్ ఆ మాట వరకూ బీమా లేకుండా నిలబడ్డట్టే. క్లయింట్‌కు కూడా అందులో లాభం లేదు, గెలిచినా వసూలయ్యే దారి ఉండదు కదా.

లోపం బయటపడిన రోజు

ముందు మనుషుల భద్రత. ఊతాలు పెట్టడం, బరువు తీసేయడం, ఆ భాగం ఖాళీ చేయించడం లాంటివాటిని చట్టపరమైన లెక్కల కోసం ఒక్క గంట కూడా ఆపకూడదు. అత్యవసర ఊతాలు పెట్టించినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

తర్వాత బీమా కంపెనీకి సమాచారం. దావా నోటీసు వచ్చేదాకా ఆగకూడదు. దావాకు దారితీయగల పరిస్థితి తెలిసినప్పుడే చెప్పాలని పాలసీలు అడుగుతాయి. చెప్పకముందే క్లయింట్‌కు "తప్పు మాదే, మేమే బాగుచేస్తాం" అని ఈమెయిల్ పెడితే బీమా కంపెనీ చెల్లించనని తప్పించుకునే వీలుంది.

సాక్ష్యం విషయంలో ఒక వరుస పాటించాలి. కట్టింది డ్రాయింగ్ ప్రకారం ఉందా అన్నది మొదట తేలాలి: రీబార్ స్కానర్‌తో కడ్డీల వ్యాసం, దూరం, కవరు (కడ్డీ మీది కాంక్రీటు మందం) చూడాలి, కోర్లు తీసి కాంక్రీటు బలం చూడాలి. అక్కడ తేడా ఉంటే అది పనితనం లోపం వైపు వెళ్తుంది. తేడా లేకపోతే, డ్రాయింగ్ ఆనాటి కోడ్‌కు సరిపోయిందా అని చూడాలి. ఇప్పటి కోడ్‌తో పోల్చి నివేదిక రాసే నిపుణులున్నారు. భూకంప కోడ్ మధ్యలో మారి ఉంటే ఆ నివేదిక మొత్తం కొట్టుకుపోతుంది. డిజైన్ చేసిన తేదీకి అమల్లో ఉన్న సవరణ ఏదో మొదటి పేజీలోనే రాయాలి. అయితే కట్టడం నడుస్తుండగానే తన డిజైన్ పనిచేయడం లేదని తెలిస్తే దాన్ని మళ్లీ చూసుకునే బాధ్యత డిజైనర్‌కు ఉంటుంది. అప్పుడిక పాత తేదీ వెనక దాక్కోలేరు.

మరమ్మతు మొదలుపెట్టే ముందు అవతలి పక్షానికి రాతపూర్వకంగా తెలిపి, వచ్చి చూసుకోవడానికి గడువివ్వాలి. పగలగొట్టి కొత్తది కట్టేశాక పాత కడ్డీల ఫొటోలు నాలుగు చూపిస్తే, ఆ ఫొటోలు ఏ దూలానివో కూడా వాదనే అవుతుంది.

ఎన్నేళ్లు

ఫ్రాన్స్‌లో 1978 స్పినెట్టా చట్టం తర్వాత సివిల్ కోడ్ 1792వ అధికరణం కింద కట్టడం దృఢత్వాన్ని దెబ్బతీసే లోపానికి, స్వాధీనం చేసుకున్న నాటి నుంచి 10 ఏళ్లు, ఆర్కిటెక్ట్, ఇంజినీర్, కాంట్రాక్టర్ల బాధ్యతను ముందే ఊహించుకుంటారు, తప్పు నిరూపించక్కర్లేదు. ఇంగ్లండ్‌లో మామూలు ఒప్పందానికి 6 ఏళ్లు, డీడ్ (లాంఛనప్రాయ దస్తావేజు) రూపంలో ఉంటే 12. నివాస భవనాలకు 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం 15 ఏళ్లు చేసింది, అంతకుముందే పూర్తయినవాటికి 30 ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు.

భారత్‌లో ఇబ్బందికరమైన సందు ఒకటుంది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం 14(3) సెక్షన్ కింద స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటర్ (బిల్డర్) ఉచితంగా, 30 రోజుల్లో బాగుచేయాలి. ప్రమోటర్ తన స్ట్రక్చరల్ ఇంజినీర్ మీద ఒప్పంద ఉల్లంఘన దావా వేయాలంటే 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 ఏళ్లే. డ్రాయింగ్ ఇచ్చాక భవనం పూర్తవడానికే నాలుగేళ్లు పట్టవచ్చు. కాబట్టి ప్రమోటర్లు కన్సల్టెంట్ ఒప్పందంలో స్వాధీనం తర్వాత 5 ఏళ్ల దాకా నడిచే విడి నష్టపూర్తి హామీ రాయించుకోవాలి. కన్సల్టెంట్లు దాన్ని ఒప్పుకునే ముందు తమ బీమా అంతకాలం తోడుంటుందా అని చూసుకోవాలి.

ఈ కాలపరిమితుల్లో అన్నిటికంటే పొడవైనది ఏది వర్తిస్తుందో, అంతకాలం రికార్డులు ఉండాలి. డిజైన్ బేసిస్ రిపోర్టు, మట్టి నివేదిక, డ్రాయింగ్ రిజిస్టర్, ప్రతి రివిజన్, ఆర్‌ఎఫ్‌ఐ జవాబులు, మీటింగ్ మినిట్స్ అన్నీ. సాఫ్ట్‌వేర్ మోడల్ ఫైల్ ఒక్కటే దాచడం సరిపోదు. పదేళ్లకు ఆ వెర్షన్ తెరుచుకోదు, తెరుచుకున్నా కొత్త వెర్షన్ అంకెలు మార్చి చూపవచ్చు. డ్రాయింగ్ విడుదల చేసిన రోజే ఇన్‌పుట్, లోడ్ కాంబినేషన్లు, ఫలితాలు, వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు అన్నీ పీడీఎఫ్‌లోకి మార్చి, తనిఖీ చేసినవారి సంతకంతో, ఆ రివిజన్ నంబరు కిందే భద్రపరచాలి.